ఓడల మేడలో ఏసమ్మ కుట్టు

ఏసమ్మ అల్లిన లేసు ఎన్ని దేశాలు తిరిగిందో ఏసమ్మకే తెలియదు. నరసాపురం పక్కన మా వీధిలో, తన ఇంటి అరుగు మీద కూర్చుని అరవై ఏళ్లుగా అల్లుతూనే ఉంది. బల్లల మీద పరిచే గుడ్డలు, దుప్పట్ల అంచులు, ఎక్కడో దొరసానుల పిల్లల గౌన్లకు కాలర్లు. అల్లినవన్నీ షావుకారు పట్టుకెళ్తాడు, తన కంపెనీ చీటీ కుట్టించి ఓడ ఎక్కిస్తాడు. ఆ చీటీ మీద షావుకారు పేరుంటుంది, ఆయన భార్య పేరుంటుంది. ఒక ఏడాది ఆయన పెంచుకునే కుక్క బొమ్మ కూడా వేశారు. ఏసమ్మ పేరు మాత్రం ఏనాడూ లేదు.

"కుక్కకున్న యోగం నాకు లేదండి" అంటుంది ఆవిడ, చేతిలో సూది ఆపకుండా.

ఏసమ్మకు డెబ్భై నాలుగేళ్లు. లూథరన్ చర్చి స్త్రీల సమాజంలో ఆవిడ మాటే చివరి మాట. సాయంత్రాలు నేను ఆ అరుగు చివర కూర్చుంటాను. ఆవిడ చెబుతుంది, కోడలు కృపారాణి లోపల్నుంచి దిద్దుతుంది. కృపారాణి సైన్సు టీచరు కాబట్టి ఈ కథలో తేదీలు, లెక్కలు ఆమెవి. వెటకారమంతా అత్తగారిది.

ఇక రాజుగారి సంగతి. నరసాపురం నుంచి మొగల్తూరు వెళ్లే దారిలో, రొయ్యల చెరువుల మధ్య సుబ్బరామరాజుగారు ఒక అద్దాల మేడ కట్టించారు. దాని పేరు 'క్లాసిక్ యాట్ అండ్ రేసింగ్ మ్యూజియం'. అంతా చదవడానికి ఊపిరి చాలక జనం ఓడల మేడ అంటున్నారు. రాజుగారు ఆ మధ్య యూరప్ టూరు వెళ్లినప్పుడు అక్కడెక్కడో ఇలాంటిది చూశారు. వెనకటికి దొరలు సరదా కోసం తెరచాప పడవలు కట్టించుకుని పందేలు వేసుకునేవారట. ఆ పడవలే యాట్‌లు. కోడిపందేలు తప్ప ఇంకో పందెం ఎరగని రాజుగారికి ఇది బాగా నచ్చింది. పందెమూ ఉంది, పరువూ ఉంది, పైగా పోలీసులు రారు.

రాజుగారికి నీళ్లంటే భయం. రేవులో కార్లను దాటించే పంటు ఎక్కినా కారు దిగరు. అద్దాలు బిగించుకుని, కళ్లు మూసుకుని గోదావరి దాటతారు. అలాంటి మనిషి నావికుడి టోపీ పెట్టుకుని చుక్కాని పట్టుకున్న ఫొటో ఓడల మేడ గుమ్మంలో నిలువెత్తున ఉంది. చుక్కాని వెనక పడవ లేదు. ఫొటో స్టూడియోలో తీసింది.

మేడ తెరిచి రెండు వారాలైనా జనం రాలేదు. ఫొటోలకైనా మనుషులు కావాలి కాబట్టి స్త్రీల సమాజానికి కబురొచ్చింది. టికెట్టు లేదు, బస్సు పంపిస్తాం, ఉప్మా పెడతాం అన్నారు. నలభై మంది బయల్దేరారు. లోపల చల్లగా, చప్పుడు లేకుండా, నేల అద్దంలా మెరుస్తూ ఉండేసరికి అందరూ చెప్పులు గుమ్మం బయట విడిచి, చర్చికి వెళ్లినట్టే కొంగులు తల మీదికి లాక్కుని నడిచారట.

వాళ్లకు మ్యూజియం చూపించినవాడు రాజుగారి అల్లుడు రవితేజ. హైదరాబాదులో పెళ్లిళ్లకు వేదికలు అలంకరించే కంపెనీ నడిపేవాడు. ఇప్పుడు పడవల చరిత్ర అతని చేతిలో పడింది.

"ఇవి మోడల్సండి. అసలు యాట్ దీనికి వంద రెట్లుంటుంది" అన్నాడు రవితేజ.

"చేపలెక్కడ పోస్తారు బాబూ?" అని ఏసమ్మ అడిగింది.

"చేపలు పట్టరండి."

"మరి ధాన్యమా, కొబ్బరికాయలా?"

"సరుకు వెయ్యరండి. గాలికి అలా తిరిగొస్తారంతే."

"ఊరికేనా! ఇంట్లో ఆడవాళ్లు ఏమీ అనేవారు కాదా?"

రవితేజ గబగబా పక్కనున్న వెండి కప్పు చూపించాడు.

"ఇది రేసు కప్పండి."

"ఇంత పెద్ద దాంట్లో ఏం తాగేవారో."

"తాగరండి, గెలుస్తారు."

"గెలిచాక తాగేవారేమోలే" అని ఏసమ్మ అతనికి సాయం చేసింది.

చివరి గదిలో పైకప్పు నుంచి ఒక పెద్ద తెరచాప పందిరిలా వేలాడుతోంది, దాని ఒక అంచు చేతికందే ఎత్తులో ఉంది. రంగు దీపాలు వేశారు. చుట్టూ ఎర్రతాడు కట్టి పక్కన బోర్డు పెట్టారు. కృపారాణి పైకి చదివింది: "పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు పందెపు పడవ తెరచాప. తాళ్లు కట్టే కన్నాల చుట్టూ ఆంగ్ల కులీన స్త్రీలు స్వహస్తాలతో అల్లిన అరుదైన లేసు."

ఏసమ్మ ఎర్రతాడు కింద నుంచి దూరి, కళ్లజోడు తుడుచుకుని, ఒక కన్నం దగ్గర మొహం పెట్టింది.

"ఏమే కృపా, ఇది మీ మావయ్య చాప."

మావయ్య అంటే ఏసురాజు, ఏసమ్మ భర్త. పోయి తొమ్మిదేళ్లయింది. ఒకప్పుడు గోదావరి మీద కొబ్బరికాయలు వేసే తెరచాప పడవ ఉండేది ఆయనకు. పెళ్లయిన మూడో ఏడు ఆ పడవకు కొత్త చాప కావలసి వచ్చింది. క్రిస్మస్ మర్నాడు పడవల పందెం, చాపలు కుట్టే మనిషేమో జ్వరంతో మంచమెక్కాడు. నేను కుడతానంది ఏసమ్మ. గుడ్డలు అతకడం వచ్చు. తాళ్లు కట్టే ఇనప రింగుల్ని గుడ్డకు ఎలా బిగిస్తారో తెలియదు. తనకు తెలిసిన విద్య ఒక్కటే కాబట్టి, వలలు అల్లే నైలాన్ దారం తెచ్చి, ఒక్కో రింగు చుట్టూ లేసు సూదితో గవ్వల ఆకారంలో వరసగా అల్లేసింది. పద్నాలుగు కన్నాలు, పద్నాలుగు గవ్వల పువ్వులు.

"రేవంతా నవ్వారండి. ఏసురాజూ, పడవకి పరికిణీ కట్టావేంట్రా అని" ఏసమ్మ నాతో చెప్పింది. "మా ఆయన పరికిణీతోనే పందెం వేశాడు. నాలుగో స్థానం వచ్చింది."

"మొత్తం పడవలెన్నండి?" అని నేనడిగాను.

"నాలుగండి" అని లోపల్నుంచి కృపారాణి గొంతు వినిపించింది.

ఏసమ్మ సూది ఆగింది. "దాన్నెవరడిగారే?"

పడవలకు ఇంజన్లు వచ్చాక ఏసురాజు తన పడవ అమ్మేశాడు. చాప చేతులు మారి, చివరికి రాజుగారి చెరువు గట్టు మీద షెడ్డుకు చేరింది. దీనికి సాక్షి కూడా ఆ రోజు అక్కడే ఉంది. చెరువుల దగ్గర పనిచేసే రత్తమ్మ బోర్డు వినగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మేత బస్తాల మీద నేనే కప్పేదాన్ని కదా దీన్ని!" అని గుసగుసగా అందట. పైకి అనడానికి ధైర్యం చాలలేదు. రాజుగారు అప్పుడే నావికుడి టోపీ పెట్టుకుని గదిలోకి వచ్చారు, ఫొటో కోసం.

ఏసమ్మ ఆయనకు ఎదురెళ్లింది.

"రాజుగారూ, ఈ చాప నేను కుట్టానండి. ఆ బోర్డు మీద నా పేరు రాయించండి. అంతే, ఇంకేమీ వద్దు."

"మామ్మగారూ, ఉప్మా తిన్నారా?" అన్నారు రాజుగారు.

"తిన్నానండి, ఉప్పు తగ్గింది. నా పేరు ఏసమ్మ అండి."

"ఇది నూట పాతికేళ్ల నాటి చాప మామ్మగారూ. మీకంత వయసు లేదు కదా!"

కృపారాణి ఉండబట్టలేకపోయింది. "సర్, ఆ దారం నైలాన్ అండి. అప్పటికి నైలాన్ ఇంకా కనిపెట్టలేదండి."

"దొరలకి అన్నీ ముందే దొరుకుతాయమ్మా" అన్నారు రాజుగారు. తర్వాత ఆమె మొహం పరిశీలనగా చూశారు. "మీరు మన స్కూల్లో టీచరు కదూ?"

ఆ స్కూలు కమిటీకి రాజుగారే ఛైర్మన్. కృపారాణి సైన్సు అక్కడితో ఆగిపోయింది.

"మీరే కుట్టారని ప్రూఫ్ ఏదైనా ఉందాండి?" అని రవితేజ మర్యాదగానే అడిగాడు.

"ఆయ్, ఉందండి" అంది ఏసమ్మ.

లేసు అల్లేవాళ్లు చివర మిగిలిన దారం కొసను అల్లికలోనే ఎక్కడో దాచేస్తారు. ఆ కొస దొరికితే లాగడం తేలిక, మొత్తం ఊడి వచ్చేస్తుంది. దొరక్కపోతే కత్తిరించుకోవలసిందే. ఎవరి దాపు వాళ్లది, పక్కింటి మనిషికి కూడా చెప్పరు. ఏసమ్మ పద్నాలుగో ఏట నుంచి మూడో గవ్వ కిందే దాస్తోంది.

"బాబూ, మీ ఇంగ్లండు దొరసాని దారం కొస ఎక్కడ దాచిందో చూపించు" అంది.

రవితేజ కన్నం చుట్టూ చూశాడు, ఫోను లైటు వేసి కూడా చూశాడు. ఏసమ్మ పర్సులోంచి లేసు సూది తీసింది, మూడో గవ్వ కింద పెట్టింది, కొస పైకి లేపింది, లాగింది.

యాభై ఏళ్ల అల్లిక టకటకా ఊడి ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఇనప రింగు తాడుతో సహా పైకి ఎగిరిపోయింది. చాప మూల జారి, కింద ఫొటోకి నిలబడ్డ రాజుగారిని టోపీతో సహా కప్పేసింది.

"స్తోత్రం!" అని ఎవరో అన్నారు, అలవాటు కొద్దీ.

చాప కింద నుంచి రాజుగారు దగ్గుతూ బయటికొచ్చారు. నలభై మంది ఆడవాళ్లకూ రొయ్యల మేత వాసన గుప్పుమని కొట్టింది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఆ మేతే వాడేవారేమో, రాజుగారు ఆ మాట ఎత్తలేదు.

"అర్జెంటుగా కుట్టించేయవయ్యా! రేపు టూరిజం ఆఫీసర్లొస్తున్నారు" అని అల్లుడి మీద అరిచారు.

"దొరసానిని పిలవండి" అంది ఏసమ్మ, దారం ఉండ చుట్టుకుంటూ.

"పేరు రాయిస్తాం మామ్మగారూ, తప్పకుండా రాయిస్తాం" అన్నాడు రవితేజ. ఎవరు మాటిచ్చినా నమ్మే మనిషి ఏసమ్మ. నేల మీద కూర్చుని అరగంటలో మళ్లీ అల్లిపెట్టింది.

తర్వాతి ఆదివారం ఆరాధన ముగియగానే అత్తాకోడళ్లిద్దరూ ఆటో కట్టించుకుని వెళ్లారు. పాత బోర్డు అలాగే ఉంది. కింద చిన్న అక్షరాలతో ఒక వరస చేర్చారు: "మరమ్మతు: స్థానిక మహిళ ఏసమ్మ."

"వెళ్లిపోదామండి అత్తయ్యగారూ, పేరైతే రాశారు కదా" అంది కృపారాణి.

"రాశారు. నా గుడ్డకి నేనే మాసిక వేసినందుకు రాశారు."

ఆవిడ గొడవ చెయ్యలేదు. మూలనున్న స్టూలు లాక్కుని, రెండో కన్నం పక్కన కూర్చుని, మూడో గవ్వ మీద సూది ఆనించి ఊరుకుంది. రవితేజ పరుగెత్తుకొచ్చాడు.

"మామ్మగారూ, వద్దండి, ప్లీజ్!"

"నేనేం చేశాను బాబూ? చూసుకుంటున్నాను. ఇది కాక ఇంకా పన్నెండున్నాయి. ఆదివారానికొకటి చొప్పున చూసుకుంటే క్రిస్మస్ దాకా సరిపోతాయి."

ఆ సాయంత్రమే రాజుగారు స్వయంగా మా వీధికొచ్చారు. కారు దిగారు కూడా. మా వీధిలో నీళ్లు లేవు కదా. పేరు రాయిస్తానన్నారు, ఊరు రాయిస్తానన్నారు, పడవ ఏసురాజుదని రాయిస్తానన్నారు.

"పందెంలో నాలుగో స్థానమని కూడా రాయించండి" అంది ఏసమ్మ.

"నాలుగేం బాగుంటుందండి! మొదటి స్థానమని వేయిద్దాం. ఎవరొచ్చి అడుగుతారు?"

"నా పేరు పక్కన అబద్ధం వద్దండి రాజుగారూ."

వారంలో కొత్త బోర్డు వచ్చింది. కృపారాణి ఉద్యోగం పోలేదు. ఏసమ్మను వెతికి వెలికితీసింది తానేనని రాజుగారు ఇప్పుడు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. చెప్పుకోనివ్వండి, ఆయన నోరేగా, అంటుంది ఏసమ్మ.

మొన్న ఆవిడతో కలిసి నేనూ చూసొచ్చాను. రావులపాలెం నుంచి వచ్చిన దంపతులు బోర్డు ముందు నిలబడి చదువుతున్నారు: "కుట్టినది: ఏసమ్మ, నరసాపురం. పడవ: ఏసురాజుది. క్రిస్మస్ మర్నాటి పందెంలో నాలుగో స్థానం."

"నాలుగో స్థానమంటే మాటలా! ఎన్ని పడవలొచ్చుంటాయో" అన్నాడాయన.

"వందకి తక్కువుండవండి" అంది భార్య.

ఏసమ్మ వాళ్ల వెనకే నిలబడి ఉంది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ కొంగు సర్దుకుని, చాప చివర ఉన్న గవ్వల పువ్వును చాలా శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టింది.