చదును రోడ్డు మీద తడబడే కారు

ఊరందరికీ ఆయన చెవి మేస్త్రి. అసలు పేరు భార్యకూ బ్యాంకువాళ్లకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. "రెండో వాల్వు," అనేవాడు. విప్పి చూస్తే రెండో వాల్వే అయ్యేది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయనకు అన్నం పెట్టిన విద్య అదే.

యాభై తొమ్మిదో ఏట ఆయన ఎడమ చెవి మందగించింది. ముందు టీవీ సౌండు పెంచాడు. తరవాత ఎవరు మాట్లాడినా కుడి చెవి అటు తిప్పి నిలబడటం అలవాటు చేసుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. షెడ్డులో అసలే చెప్పలేదు. చెవి మేస్త్రికి చెవుడని బయటపడితే ఇంకేముంది, షెడ్డుకు తాళం వేసుకోవడమే అనుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నర్సమ్మ కారు వచ్చింది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం, సూదిమందు ఇవ్వడం ఆవిడ పని. ముప్పై ఏళ్లు దాటిన ఆ కారు లేకపోతే ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడవు.

"మేస్త్రిగారూ, బాగా నడుస్తూ నడుస్తూ మధ్యలో ఎక్కిళ్లు పెడుతోంది. కాసేపటికి దానంతటదే సర్దుకుంటోంది," అంది.

"మిస్సింగ్ అమ్మా, ఎక్కడో నిప్పు అందక ఇంజన్ దెబ్బ తప్పుతోంది. ఏదో ప్లగ్గు అయ్యుంటుంది. వదిలేసి వెళ్లండి."

ఇంజన్ స్టార్ట్ చేసి విన్నాడు. ఏ తేడా వినపడలేదు. అయినా నాలుగు ప్లగ్గులూ మార్చి పంపాడు. నాలుగు రోజులకు కారు తిరిగొచ్చింది. ఈసారి ప్లగ్గు వైర్లు, వాటికి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మార్చాడు. మళ్లీ వచ్చింది. కార్బురేటర్ విప్పి, కడిగి, బిగించాడు.

"ఇక్కడికి రాగానే బుద్ధిమంతురాలైపోతుందండీ ఇది," అంది నర్సమ్మ. "డాక్టర్ మొహం చూడగానే నొప్పి మాయమయ్యే పేషెంట్లు ఉంటారు చూడండి, అలాగ."

మేస్త్రి నవ్వాడు గాని, లోపల గుబులు మొదలైంది. ఇంజన్ నిజంగానే బాగుందా, లేక దాని చప్పుడు తనకే అందడం లేదా? స్క్రూడ్రైవర్‌ను కుడి చెవికి పెట్టి విన్నాడు, ఎడమ చెవికి పెట్టి విన్నాడు. ఎక్కువ విన్నకొద్దీ తన మీద తనకు నమ్మకం తగ్గిపోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు.

నాలుగోసారి ఆవిడ వచ్చినప్పుడు మొహంలో నవ్వు లేదు. ఒక పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలో మూడుసార్లు కుదిపిందట. మేస్త్రి చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

"వేరే షెడ్డుకు తీసుకెళ్లండమ్మా," అన్నాడు. "నాకు ఎడమ చెవి వినపడటం లేదు. ఏడాది దాటింది. మీ బండి ఏదో చెప్తూనే ఉన్నట్టుంది, నాకే అందటం లేదు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. తల ఎత్తలేకపోయాడు.

నర్సమ్మ కోప్పడలేదు. అక్కడున్న పాత టైరు మీద కూర్చుంది.

"అన్నయ్యా, కొందరు ముసలాళ్లకు నొప్పి ఎక్కడో చెప్పడం చేతకాదు. అప్పుడు మేం ఎక్కడని అడగం, ఎప్పుడని అడుగుతాం. పడుకుంటేనా, నడిస్తేనా, తిన్నాకనా అని. మీరు నన్ను ఒక్కసారైనా ఎప్పుడని అడిగారా?"

అడగలేదు. ఎవరినీ అడిగే అలవాటే లేదు. చెవి అన్నీ చెప్పేస్తుంటే నోటితో పనేముంది?

"పోనీ ఇప్పుడు చెప్పండి. ఎప్పుడు?"

"చెప్పేదేముంది, ఎక్కండి. చూపిస్తాను."

నర్సమ్మ నడిపింది. మేస్త్రి పక్క సీట్లో కూర్చుని అరచేయి డాష్‌బోర్డు మీద ఆనించాడు. దుకాణాల సందులో కారు మెల్లగా, నిక్షేపంగా నడిచింది. వంతెన ఎక్కింది, ఏమీ లేదు. వంతెన దిగాక గోడౌన్ల పక్కన చదునైన పొడుగాటి రోడ్డు. అక్కడ ఆవిడ యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి ఒకే వేగంతో పోనిచ్చింది. కారు ఉలిక్కిపడ్డట్టు కుదిపింది. మళ్లీ కుదిపింది. వణుకు అరచేతికి స్పష్టంగా తెలిసింది.

"ఇప్పుడు గట్టిగా తొక్కండి."

తొక్కింది. కుదుపు ఆగిపోయింది. కాలు తేలిక చేస్తే తిరిగొచ్చింది. వెనక్కి తిరిగి వంతెన ఎక్కించారు, బంగారంలా ఎక్కింది.

జబ్బు పడ్డ ఇంజన్ ముందు ఎత్తు దగ్గరే చతికిలపడాలి. ఇదేమో బరువు మోసేటప్పుడు కులాసాగా ఉండి, ఖాళీ చేతులతో నడిచేటప్పుడు తడబడుతోంది. కాలు తేలిగ్గా ఉన్నప్పుడు మాత్రమే ఇంజన్‌లో కదిలేది ఏమిటి? షెడ్డు చేరేలోపే ఆయనకు తట్టింది. డిస్ట్రిబ్యూటర్ పక్కన చిన్న రేకు డబ్బా ఒకటుంటుంది. చదునులో తేలిగ్గా పోయేటప్పుడు ఇంజన్ గాలిని పీల్చి, ఒక రబ్బరు గొట్టం గుండా ఆ డబ్బాను లాగుతుంది. ఆ డబ్బా డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటును కాస్త తిప్పుతుంది, దాంతో నిప్పురవ్వ కొంచెం ముందుగా పడుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ లాగుడు ఉండదు. బండిని షెడ్డులో నిలబెట్టినప్పుడూ ఉండదు. అంటే ఇన్నాళ్లూ తను వింటున్నప్పుడు ఆ ప్లేటు కదలనే లేదు.

షెడ్డులో ఇంజన్‌ను నడవనిచ్చి, ఆ గొట్టాన్ని ఇంజన్ వైపు ఊడదీశాడు. ఊడిన కొసను నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఇంజన్ తడబడింది. వదిలాడు, సర్దుకుంది.

"మళ్లీ చేయండి," అంది నర్సమ్మ, టైరు మీంచి లేచి.

మళ్లీ పీల్చాడు. ఈసారి ఇంజన్ ఆగే పోయింది. నోట్లో రబ్బరు కంపు, కళ్లలో నీళ్లు. మేస్త్రి బానెట్ పట్టుకుని అలాగే నవ్వుతూ ఉండిపోయాడు.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, ప్లేటుకు వెళ్లే సన్నటి వైరును రెండు వేళ్లతో లాగాడు. పైతొడుగు రబ్బరులా సాగింది. లోపలి రాగి తీగ ఎప్పుడో తెగిపోయింది. ప్లేటు తిరిగినప్పుడు తెగిన కొసలు విడిపోతున్నాయి, వెనక్కి రాగానే ఒకదానికొకటి ఆనుకుంటున్నాయి.

"అయితే మీ చెవికి ఏ లోటూ లేదన్నమాట," అంది నర్సమ్మ.

"ఉందమ్మా. కానీ దీన్ని ఎంత గొప్ప చెవీ పట్టుకోలేదు. అది చాలు నాకు."

మెత్తటి వైరు తెచ్చి, తిరగడానికి వీలుగా కాస్త వదులు ఉంచి అతికించాడు. గోడౌన్ల రోడ్డు మీద మూడుసార్లు అటూ ఇటూ తిరిగారు. కారు ఒక్కసారి కూడా కుదపలేదు. గుండెల మీంచి బండ దించినట్టయింది ఆయనకు. చాలా రోజుల తరవాత బాగా ఆకలేసింది.

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, భార్యకు చెవి సంగతి చెప్పేశాడు.

"తెలుసు," అందామె కూర వడ్డిస్తూ.

"తెలుసా? మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"అడిగాను. మీకు వినపడలేదు."

ఆయన పకపకా నవ్వడంతో పొలమారి, భార్య నెత్తిన తట్టాల్సి వచ్చింది.

మర్నాడే నర్సమ్మ తనకు తెలిసిన చెవి డాక్టర్ దగ్గరికి పంపింది. డాక్టర్ లైటు వేసి చూసి, సగం గుబిలి, సగం ముప్పై ఎనిమిదేళ్ల ఇంజన్లు అని తేల్చాడు. గుబిలి అక్కడికక్కడే కడిగేశాడు. మిగతా సగానికి చెవిలో పెట్టుకునే చిన్న మిషను రాశాడు, షెడ్డులో చెవులకు తొడుగులు పెట్టుకోమన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రి వంటింటి గుమ్మంలో ఆగిపోయాడు.

"కుళాయి కారుతోంది," అన్నాడు.

"ఆరు నెలలైంది," అంది భార్య.

మేస్త్రి వెళ్లి పానా తెచ్చుకున్నాడు.