నాలుగు ప్లగ్గులు

సరిహద్దు సైనిక పోస్టుకు చేరేసరికి ఉదయం పదకొండయింది. పదిహేను వేల అడుగుల ఎత్తు. ఎండ కాస్తూనే ఉంది, సీసాలో నీళ్లు మాత్రం గడ్డకట్టాయి. నేను బండి మెకానిక్‌ని. నాకు అప్పగించినవి ఒక పెట్రోలు జీపు, ఒక పానాల పెట్టె, ఒక ఆర్డరు. రెండు గంటలకోసారి ఇంజను వేసి పావుగంట నడపాలి, లేకపోతే బండి గడ్డకట్టుకుపోతుంది.

ఆర్డరు అక్షరాలా పాటించాను. నిలబెట్టిన చోటే పావుగంట గుర్రుమంటే ఇంజను సరిగ్గా వేడెక్కదు, లోపల మసి పేరుకుంటుంది. అది నాకు తెలుసు. రోజూ రెండు మైళ్లు తిప్పనివ్వమని సుబేదారుగారిని అడగాల్సింది. ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను.

మా వంటవాడిది ఎచ్చెర్ల దాటాక సముద్రం ఒడ్డున పల్లె. వేటకు పోయే కుటుంబం. నాది అరసవల్లి అని తెలిసిన రోజు నుంచీ నన్ను బావా అనేవాడు.

"బావా, సేపలు ఎలాగా నేవు. సింతపండైనా పంపమని ఇంటికి సెప్పు."

నాలుగో నెలలో ఒక ఉదయం వాడికి ఆయాసం పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, వెంటనే కిందికి దించాలని వైద్య సహాయకుడు చెప్పాడు. వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టాం. సహాయకుడు ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని వెనక కూర్చున్నాడు. తొమ్మిదింటికి బయల్దేరాం. దిగే దారిలోనే మూడో మలుపు దగ్గర వచ్చే చిన్న ఎత్తు ఎక్కలేక జీపు దగ్గి ఆగిపోయింది.

వైర్‌లెస్‌లో సుబేదారుగారు.

"బండెక్కడ?"

"మూడో మలుపు సార్. ప్లగ్గులకు మసి పట్టింది."

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు సార్."

నలభై పట్టింది. తొడుగులు వేసుకుంటే పాన పట్టు దొరకదు, తీస్తే వేళ్లు ఇనుముకు అతుక్కుపోతాయి. విడి ప్లగ్గులు లేవు. ఉన్న నాలుగూ విప్పి బ్రష్షుతో గీకాను. అంత చల్లటి ప్లగ్గులతో ఇంజను అందుకోదు. ఎక్కడ వెచ్చబెట్టాలో తెలియక నన్ను నేను తిట్టుకుంటుంటే కిటికీలోంచి వాడి చెయ్యి బయటికొచ్చింది.

"ఇలాగియ్యి బావా. నా సెయ్యి జొరానికి కాలిపోతన్నాది. ఒట్టినే కూకున్నాను గదా."

దుప్పటి కింద గుప్పిట్లో పట్టుకున్నాడు. ఇంజను అందుకుంది. ఆసుపత్రి ఇంకో అరగంట ఉందనగా వాడి ఊపిరి ఆగిపోయింది.

నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

సర్వీసు ముగించి అరసవల్లి వచ్చాను. కారు కొన్నాను. కూర్చుంటే కాళ్లు ఊరుకోవు. ఇంత ఉక్కపోతలోనూ రెండు గంటలకోసారి వెళ్లి ఇంజను వేస్తాను.

"ఏటండీ ఇది?" అంటుంది మా ఆవిడ. "ఇక్కడ మంచెక్కడున్నాది? ఈదంతా పొగెట్టేస్తన్నారు."

మొన్న కారు కూడా దగ్గడం మొదలుపెట్టింది. పెరట్లో నిలబెట్టి, బ్యాటరీ తీగ ఊడదీసి, ప్లగ్గులు విప్పాను. అదే మసి, మళ్లీ నా నిర్వాకమే. కింద పెట్టబోతుంటే మా ఆవిడ చెయ్యి చాపింది.

"ఇలాగియ్యండి. ఇసకంటుకుంటాది."

ఒక్కొక్కటీ ఆమె చేతిలోంచి తీసుకుని శుభ్రం చేసి బిగించి, బ్యాటరీ తీగ తగిలించాను. ఇంజను మెత్తగా తిరిగింది. ఆమె అరచేతిలో నాలుగు నల్లటి చారలు. నేనే సబ్బు తెచ్చి కడిగాను. రెండు రుద్దులకే పోయాయి.

ఆ రోజు వాడి అరచేతిని మంచుతో రుద్దాను, స్పిరిటుతో రుద్దాను, శవపెట్టె మూసేదాకా రుద్దుతూనే ఉన్నాను. పోలేదు. ఆ చారలతోనే వాణ్ణి వాళ్లమ్మ దగ్గరికి పంపాం.