గోళీలకు ప్లే డే డ్యూటీ

ఇది చదివి మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. గోదావరిఖనిలో మా గని వాళ్ళందరూ మూడు నెలలు నవ్వేశారు, మీరే మిగిలారు. ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివితో ఉండి నా డంపర్ సీటును నేనే ఊడగొట్టుకున్న కథ ఇది.

డంపర్ అంటే రోడ్డు మీద తిరిగే లారీ అనుకునేరు. దాని టైరే నాకంటే ఎత్తు. నిచ్చెన ఎక్కి సీట్లో కూర్చోవాలి. ఓపెన్ కాస్టులో, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనిలో, అంతటి బండిని పన్నెండేళ్లు ఒక్క గీత పడకుండా నడిపాను. ఆ మొనగాడే వేలెడు లేని మందు గోళీని సరిగ్గా మింగలేకపోయాడు.

నలభై రెండో ఏట నాకు షుగర్ వచ్చింది. కంపెనీ దవాఖానలో డాక్టరమ్మ మెట్‌ఫార్మిన్ రాసింది. పొద్దున టిఫిన్ తర్వాత ఒకటి, రాత్రి అన్నం తర్వాత ఒకటి. అందులో అర్థం కానిది ఏముంది? ఏమీ లేదు. అందుకే తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మొదటి వారమే కడుపులో గడబిడ మొదలైంది. నిండా మట్టితో డంపర్ ఎత్తు ఎక్కుతున్నప్పుడు కడుపు పిలిస్తే ఎక్కడికి పోవాలి? చుట్టూ తవ్వి పారేసిన గని, చాటుకు ఒక్క తుమ్మ చెట్టు కూడా లేదు. ఆ మాట డాక్టరమ్మకు చెబితే సరిపోయేది. కానీ ఆడమనిషి ముందు విరేచనాల ముచ్చట ఎలా తీయడం అని నాకు సిగ్గు. ఆ సిగ్గుతోనే సొంత వైద్యం కనిపెట్టాను. డ్యూటీ ఉన్న రోజు పొద్దుటి గోళీ బంద్. వారానికి ఆరు డ్యూటీలు, ఆరు గోళీలు మిగులు. అలా మూడు నెలలు గడిపాను.

ఇంతలో మెడికల్ పరీక్ష కాగితం వచ్చింది. సోమవారం పొద్దున దవాఖానకు రావాలి. షుగర్ అదుపులో లేని ఆపరేటర్‌ను బండి దింపేస్తామని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. డంపర్ లేని నేను ఏమిటో నాకే తెలియదు. ఆ వారమంతా అన్నం సహించలేదు.

ఆదివారం పొద్దున ఖాజా ఇంటికొచ్చాడు. నా పక్క డంపర్ నడుపుతాడు, నాకంటే చిన్నవాడు. టీ తాగుతుంటే నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గనిలో హాజరును మస్టర్ అంటాం. వారంలో నాగా పడితే, ఆదివారం, అంటే మా లెక్కలో ప్లే డే నాడు, డ్యూటీ ఎక్కి ఆ మస్టర్ పూడ్చుకుంటాం.

"ఖాజా, గోళీలు గూడ అంతే గదా. ఈ వారం ఆరు నాగాలు. ఇయ్యాల ప్లే డే. ఆరు ఏసుకుంటే మస్టర్లు నిండుతయ్."

ఖాజా టీ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, గోళీలకు ప్లే డే ఉంటదా? డాక్టరమ్మను అడుగరాదూ?"

"డాక్టరమ్మకు మస్టర్ల సంగతి ఏం తెలుస్తది?"

"నీకు గోళీల సంగతి తెలుసా మరి?"

ఆ ప్రశ్న దగ్గర ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. ఆగలేదు. టిఫిన్ తర్వాత మూడు నాగాలు, ఆ రోజుది ఒకటి. మధ్యాహ్నం కోడికూర తిన్నాక ఇంకో మూడు. రాత్రిది కూడా ముందే వేసుకుంటే ఓ పని అయిపోతుందని సాయంత్రమే మింగేశాను. పాత వారాలవి మాత్రం వదిలేశాను. ఆ మాత్రం వివేకం నాకుంది.

పొద్దు గూకకముందే నోరంతా ఇనుము నాకినట్టయింది. ఆ తర్వాత నేను వరండాకూ బాత్రూంకూ మధ్య తిరిగినన్ని ట్రిప్పులు డంపర్ మీద ఏ షిఫ్టులోనూ కొట్టలేదు.

నా భార్య సువర్ణ గుమ్మంలో నిలబడి అడిగింది. "ఏమైందయ్యా నీకు?"

"కూర పడనట్టుంది."

"నా కూరనా? అందరం తిన్నం, నీకొక్కనికే పడలేదా?"

"కారం ఎక్కువైంది."

ఆమె ముఖం వాడిపోయింది. అయినా నేను నిజం చెప్పలేదు.

సోమవారం దవాఖానలో రక్తం ఇచ్చాను. తర్వాత కళ్ళ పరీక్ష. అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టిన టెక్నీషియన్ అన్న, "కింది లైను చదువు" అన్నాడు.

"అన్నా, బాత్రూం ఎటు?"

తిరిగొచ్చాను. "ఇప్పుడు చదువు."

రెండక్షరాలు చదివి మళ్ళీ లేచాను.

"కండ్లు మంచిగనే ఉన్నయ్ నీకు, బాత్రూం బోర్డు ఇంత దూరంకెళ్ళి కనవడుతంది" అని ఏదో రాసుకున్నాడు.

మూడోసారి వెళ్ళి వస్తూ నడవాలోనే కూలబడ్డాను. కళ్ళు తెరిచేసరికి చేతికి సెలైన్, ఎదురుగా డాక్టరమ్మ, పక్కన పరుగున వచ్చిన సువర్ణ.

"నిన్న ఏం తిన్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"నా కోడికూర తిన్నడు మేడం" అంది సువర్ణ, తప్పు చేసినదానిలా.

ఆ గొంతు విన్నాక ఇక దాచలేకపోయాను. "కూర కాదు మేడం. మెట్‌ఫార్మిన్. ఎనిమిది." ఆపైన మస్టర్ల సిద్ధాంతమంతా వివరించాను.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "మరిచిపోయిన గోళీ పోయినట్టే. తర్వాతి దాని టైముకు ఒక్కటే వేసుకోవాలి. పాతవి కలిపి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసేదాకా మిమ్మల్ని పంపను. అసలు ఎందుకు మానేశారు?"

సిగ్గు చంపుకుని చెప్పాను.

"ఇంతేనా? కడుపుకు ఇబ్బంది తక్కువుండే రకం ఉంది. మెల్లగా కరుగుతుంది. మొదటి వారమే చెబితే రాసేదాన్ని కదా."

ఒక్క మాట. మూడు నెలల కిందట ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

మధ్యాహ్నానికి కాగితాలు వచ్చాయి. కిడ్నీలు బాగున్నాయి. నేను ఆశగా, "షుగర్ తగ్గిందా మేడం?" అన్నాను.

"ఈ పరీక్ష నిన్నటి సంగతి చెప్పదు. మూడు నెలల సగటు చెబుతుంది. మీ నాగాలన్నీ మీ రక్తంలోనే ఉన్నాయి. మూడు నెలలు బండి ఎక్కకండి."

డాక్టరమ్మ వెళ్ళాక సువర్ణ స్టూలు నా మంచం దగ్గరికి జరుపుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "నీకేమన్న అయితే మేమేం గావాలె?" అంది. ఆమె చేయి పట్టుకున్నాను. వెంటనే ఆ చేయి లాక్కుని, "నా కూర మీద నింద ఏస్తవా?" అంది. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

బండి దింపిన మనిషికి తేలిక పని ఇవ్వాలి కదా. గని మీద ఇన్ని పనులుండగా నన్ను తీసుకెళ్ళి మస్టర్ రూంలో కూర్చోబెట్టారు. మూడు నెలలు అందరి హాజరూ నేనే చూశాను. షిఫ్టుకొచ్చిన ప్రతివాడూ కిటికీలో తల పెట్టి, "అన్నా, నా మస్టర్ సరే, నీ గోళీ మస్టర్ పడ్డదా?" అని అడిగి మరీ పోయేవాడు. ఎవరికి చెప్పావని అడిగితే, ఎవరికీ చెప్పలేదని ఖాజా ఇప్పటికీ ఒట్టు పెడతాడు.

ఇంట్లో సువర్ణ వంటగది క్యాలెండర్ మీద రోజుకు రెండు టిక్కులు పెట్టేది. గోళీ నోట్లో వేసి, నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపిస్తేనే టిక్కు. మూడు నెలల తర్వాత పరీక్ష పాసై మళ్ళీ నిచ్చెన ఎక్కిన రోజు సీటును ఒకసారి నిమిరాను. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇగ క్యాలెండర్ తీసెయ్యరాదూ?" అన్నాను. ఆమె వినిపించుకోలేదు. కోడికూర వడ్డించి, పెన్ను పట్టుకుని నిలబడింది.

అందుకని, గని సాక్షిగా, డంపర్ సాక్షిగా, ఏ పాపమూ ఎరుగని ఆ కోడికూర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బతికినన్నాళ్ళూ నా కడుపుకు ప్లే డే డ్యూటీ వేయను.