బాలమణమ్మ నాకిచ్చిన ఫికర్

మొన్న సంతోష్‌నగర్ బస్‌స్టాపులో నిల్చుని ఉండగా బర్రెలకు పెట్టే పల్లి చెక్క బస్తాలతో ఒక ట్రాలీ ఆటో వచ్చి నా ముందు ఆగింది. వానకు బస్తాలు తడిసినట్టున్నాయి. నూనె, పులిసిన పిండి కలిసినట్టుండే ఆ వాసన తగలగానే ఎక్కాల్సిన బస్సు సంగతి మరిచిపోయాను. ఆ వాసన పట్టిన నోట్లను ఏళ్ళ తరబడి ఈ చేతులతో తీసుకున్నాను. అవి బాలమణమ్మవి. మొఘల్‌పురాలో నాలుగు బర్రెలు పెట్టుకుని పాలు పోసి బతికిన మనిషి. ఆమె పోయి అయిదేళ్ళు కావస్తోంది. విదేశంలో ఏదో బ్యాంకు మూతపడిందని ఈ మధ్య మళ్ళీ ఫోన్లలో వార్తలు తిరుగుతున్నాయి. అందువల్ల కూడా కావచ్చు, ఆమె ఆనాడు నలుగురి ముందు నన్నడిగిన మాట ఉన్నదున్నట్టు గుర్తొచ్చింది.

మా ముత్తాతకు నిజాం కాలంలో రెండు ఊళ్ళుండేవి, పాతబస్తీలో మహలులాంటి దేవిడీ ఉండేది. నా చేతికొచ్చేసరికి దేవిడీలో మిగిలింది ఒక వాటా. అదీ అమ్మేశాక నేనూ అమ్మా యాకుత్‌పురాలో రెండు గదుల్లోకి మారాం. మొఘల్‌పురాలోని చిన్న సహకార బ్యాంకులో నాకు కౌంటరు ఉద్యోగం దొరికింది. ఇస్త్రీ చొక్కా, నిటారైన వెన్ను, ముక్తసరి మాట. పోయినవి పోగా ఇవైనా పోకూడదని పట్టుబట్టి ఉండేవాణ్ణి. బాలమణమ్మ మొదటిసారి పాల తడి ఆరని నోట్లు కౌంటరు మీద పెడితే రెండు వేళ్ళ కొసలతో పట్టుకున్నాను. ఆమె చూసింది.

“ముట్టుకో సారూ, కరవయి,” అంది. వెనక ఉన్నవాళ్ళు నవ్వారు.

నేను ఎవరి ఇంటివాణ్ణో ఆమెకు తెలుసని తర్వాత బయటపడింది. ఆమె అత్త మా దేవిడీకి పాలు పోసేదట. ఆ మాట విని నా వెన్ను ఇంకొంచెం నిటారైంది. బాలమణమ్మ దాన్ని అక్కడితో వదల్లేదు. “మస్తు పెద్ద గేటుండె మీది. ఏనుగు పోవచ్చు. మా అత్తను మాత్రం ఒక్కనాడు కూసోమన్నోళ్ళు లేరు,” అంది, కోపమేమీ లేకుండా, ఎండల సంగతి చెప్పినట్టు. ఆ మాటకు నాలుగు రోజులు ఉడికిపోయాను. అయిదో రోజు లోపలి గదిలో ఊరికే పడున్న రెండు కుర్చీలు తెచ్చి కౌంటరు ముందు వేశాను. ఆమె వచ్చి కూర్చుంది.

మా బ్యాంకు ప్రతి ఏడూ ఖాతాదారులకు కేలెండర్లు పంచేది. ఎప్పుడూ దేవుడి బొమ్మో, మక్కా బొమ్మో, పూల బొమ్మో ఉండేది. ఆ ఏడు బొమ్మ ఎంచే పని మేనేజరు నాకు అప్పగించాడు. ప్రెస్సువాడు చూపించిన వాటిలోంచి ఏదో విదేశీ నగరపు అద్దాల మేడలు ఎంచాను. బ్యాంకంటే ఒక దర్జా ఉండాలని నా ఉద్దేశం. “బర్రె బొమ్మ ఏస్తే ఏమైతుండె?” అని బాలమణమ్మ అడిగితే, “ఇది బ్యాంకు, కొట్టం కాదు,” అన్నాను. ఆమె దాన్ని తీసుకెళ్ళి కొట్టంలోనే మేకుకు తగిలించింది.

ఆ ఏడే అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు కూలిపోయింది. టీవీలో పొద్దస్తమానం ఒకటే దృశ్యం: ఆకాశాన్నంటే అద్దాల మేడ, అందులోంచి అట్టపెట్టెలు మోసుకుంటూ దిగుతున్న ఉద్యోగులు. బస్తీలో ఎవరో ఆ మేడనూ మా కేలెండరునూ పక్కపక్కన పెట్టి చూశారు. ఇంకేముంది. మన బ్యాంకు అసలు ఆఫీసు అదేనని, అక్కడ తాళం పడిందంటే ఇక్కడ పడటానికి ఎంతో సేపు పట్టదని మర్నాటికల్లా గల్లీ గల్లీకి పాకింది.

ఆ ఉదయం షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద యాభై మంది ఉన్నారు. అందరికన్నా ముందు బాలమణమ్మ, చంకలో చుట్ట చుట్టిన కేలెండరు. ఆమె ఫికర్ నాకు తెలుసు. కొట్టమున్న జాగాను దాని యజమాని అమ్మేశాడు. పహాడీషరీఫ్ దాటినాక ఒక చిన్న ముక్క చూసుకుని బయానా ఇచ్చింది. రిజిస్ట్రేషనుకు పది రోజులుంది. కట్టాల్సిన డబ్బంతా మా దగ్గరే ఉంది. అది పోతే జాగా పోతుంది, జాగా పోతే బర్రెలను అమ్ముకోవాలి. ముసలితనంలో ఆమెకు వేరే బతుకు లేదు.

మేనేజరు హెడ్డాఫీసుకు పోయాడు. నేనే నిలబడి చెప్పాను. ఆ బ్యాంకుకూ మనకూ సంబంధం లేదు, బొమ్మ ప్రెస్సువాడిచ్చింది, ఎంచింది నేనే.

“అందరు గట్లనే చెప్తరు సాబ్,” అన్నాడు సైకిళ్ళు బాగుచేసే చాంద్ భాయ్. “ఆ పెట్టెలు మోసేటోళ్ళు గూడ నిన్నటిదాంక గిదే చెప్పి ఉంటరు.”

బాలమణమ్మ చేయెత్తి ఆయన్ని ఆపింది. “గవన్ని నాకెందుకు. సారూ, ఒక్క మాట చెప్పు. నీ పైసలు గీన్నే ఉన్నయా?”

దేవిడీ వాటా అమ్మగా వచ్చిన డబ్బు అమ్మ పేరున మా బ్యాంకులోనే ఉండేది. అమ్మకు ఆధారం అదొక్కటే. సంబంధం లేదని అందరికన్నా బాగా తెలిసిన నేను, ముందు రోజే కాగితాల మీద అమ్మ సంతకాలు పెట్టించి, ఆ ఉదయం వెనక తలుపు గుండా వచ్చి, షట్టరు ఎత్తకముందే డబ్బంతా తీసి ఇంట్లో ఇచ్చి వచ్చాను. ఉన్నాయని అనేస్తే ఆ పూట గడిచిపోయేది. నిజాయితీపరుణ్ణని చెప్పుకోను. బాలమణమ్మ ముందు అబద్ధమాడి తర్వాత దొరికిపోవడం నా వల్ల కాదనిపించింది, అంతే.

“లేవు. అమ్మ పేరున ఉన్నవి పొద్దున తీసుకున్నాను.”

లొల్లి లేచింది. “ఖేల్ ఖతం,” అన్నాడు చాంద్ భాయ్. బాలమణమ్మ మాత్రం నన్నే చూస్తోంది.

“మా ఇంట్ల పాలు పిండినంక ముందుగాల మా పోరగాండ్లకు పోస్తం,” అంది. “వాళ్ళు తాగినంకనే ఊరికి పోస్తం. నువ్వేంది, మీ అమ్మకు పొయ్యని పాలు మాకు పోస్తున్నవ్?”

ఆమె చేత్తో బయటి దారి చూపించింది.

“పోయి తీస్కరా. నువ్వొచ్చిందాంక నా పైసలు నేను తియ్య. గీడనే కూసుంట.”

యాకుత్‌పురాకు నడిచి పోయాను. అమ్మ ఆ పూటే బీరువాలో పెట్టిన సంచి తీసి, ఎందుకని అడగకుండా నా చేతికిచ్చింది. సంగతి చెప్పాను. “నీ కోసం ఎవరు కూర్చున్నారు?” అంది. బాలమణమ్మ అన్నాను. “కుర్చీ వేశావా?” అంది అమ్మ. దేవిడీలో పుట్టి పెరగకపోయినా, కోడలిగా అక్కడ ముప్పై ఏళ్ళున్న మనిషి. ఆ ప్రశ్న ఆమె ఎన్నేళ్ళు లోపల దాచుకుందో నాకు తెలియదు.

గుడ్డ సంచి పట్టుకుని తిరిగొచ్చి, కౌంటరు వెనక్కి పోకుండా అందరిలా చీటీ రాసి వరుసలో నిలబడ్డాను. మా వంశంలో వరుసలో నిలబడ్డ మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. పక్క కౌంటరు కుర్రవాడు డబ్బు జమ చేసుకున్నాడు. బాలమణమ్మ లేచి, కొంగు దులుపుకుని, “బర్రెలకు నీళ్ళు పెట్టాలె,” అని వెళ్ళిపోయింది. కొందరు ఆమె వెంట వెళ్ళారు. కొందరు ఆగి తమ డబ్బు తీసుకునే వెళ్ళారు. చాంద్ భాయ్ సగం తీసుకున్నాడు.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. మా బ్యాంకు ఎంత గట్టిదో నాకు మాత్రం ఏం తెలుసు? నేను గుమాస్తాను. హెడ్డాఫీసు నుంచి ఫోనొస్తే నేనే ముందు పరుగెత్తి ఎత్తేవాణ్ణి. నాలుగు బర్రెలు నా మాట మీద నిలబడి ఉన్నట్టుండేది. అమ్మ డబ్బు గురించి కూడా నేనంత భయపడలేదు.

పదో రోజు బాలమణమ్మ కొడుకుతో వచ్చింది. డబ్బు మొత్తం చేతిలో పెట్టాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

“సన్నబడ్డవేంది సారూ?”

“నీ బర్రెల ఫికర్.”

ఆమె ఒళ్ళు కదిలేలా నవ్వింది. “నేనైతే మంచిగ నిద్రపోయిన. ఫికర్ నీకిచ్చి పోయిన గద.”

తర్వాత ఆమె ఊరవతలికి మారిపోయింది. ఏడాదికోసారి చూడటానికి వెళ్ళేవాణ్ణి. మా బ్యాంకు మునగలేదు. నేను రిటైరయ్యాను. అమ్మ పోయాక ఆ డబ్బు నా పేరున అక్కడే ఉంది.

నిన్న మా కింది వాటాలో ఉండే రిటైర్డు టీచరు పైకొచ్చారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ పెద్దమనిషి. “మీరు బ్యాంకులో చేశారు కదండీ. ఈ వార్తలు చూస్తుంటే భయంగా ఉంది. నాది తీసేయమంటారా, ఉంచమంటారా?” అని అడిగారు. నాకు తెలియదన్నాను. నా డబ్బు ఎక్కడుందో, ఎంతుందో చెప్పాను. తీసే ఆలోచన వస్తే నాకన్నా ముందు మీకే చెబుతానన్నాను. ఆయన తేలికపడి మెట్లు దిగిపోయారు. ఈ ఉదయం పేపరు రాగానే, ఆయన కోసం, మొదట ఆ బ్యాంకు వార్తే వెతికాను.