అడ్డుతెర మీద సెన్సార్ పరీక్ష

నాకు ఇరవై మూడేళ్లున్న ఆ రోజుల్లో, ఎవరైనా ఫోటో చూపిస్తే అందులో ఎవరున్నారో నేను చూసేవాణ్ణి కాదు. మూలలు చూసేవాణ్ణి. నీడల్లోకి తొంగిచూసేవాణ్ణి. ఆఫీసులో ఒకాయన "మా పాప పుట్టినరోజు" అని మురిపెంగా ఫోన్ చేతికిస్తే, పాపను వదిలేసి వెనకున్న గోడను రెండు వేళ్లతో పెద్దది చేసి, "నాయిస్ చాలా ఉంది సార్" అని తిరిగి ఇచ్చేశాను. (ఆయన నాకు కేకు ముక్క కూడా పెట్టలేదు. ఆయన స్థానంలో నేనుంటే చెంప మీద ఒకటి పెట్టేవాణ్ణి.) నాయిస్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెప్తాను. వెలుతురు తక్కువున్న చోట తీసిన ఫోటోలో రవ్వ చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి, అదీ నాయిస్. కెమెరా లోపల వెలుతురును పట్టుకునే పలక సెన్సార్. సెన్సార్ మంచిదైతే రవ్వ తక్కువ, నాసిదైతే ఫోటో మొత్తం ఉప్మా. నా యవ్వనమంతా ఈ ఉప్మా చుట్టూనే తిరిగిందంటే ఇప్పుడు సిగ్గుగానే ఉంటుంది.

మేము అప్పుడు లాల్‌దర్వాజాలో ఒక ఇరుకు సందులో అద్దెకుండేవాళ్లం. బాపు బస్సు డిపోలో మెకానిక్. నేను ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ ముందు చిన్న ఉద్యోగిని. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా కెమెరాకు పెద్ద సెన్సార్ ఉండేది. పక్క సందులో నా దోస్తు ఒకడు ఉండేవాడు. వాడి కెమెరాకు సెన్సార్ చిన్నది గాని మెగాపిక్సెళ్లు దండిగా ఉండేవి. అందుకని సందులో అందరూ వాణ్ణి మెగాపిక్సెల్ అనే పిలిచేవాళ్లు. వాళ్లమ్మ కూడా. చీకట్లో నా కెమెరా గొప్పదని నేను, వివరంలో తనది గొప్పదని వాడు, ప్రతి ఆదివారం మా డాబా మీద పోట్లాడుకునేవాళ్లం. ఒకే దృశ్యాన్ని ఇద్దరం ఒకే చోటి నుంచి తీసి, కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి, పెద్దవి చేసి, ఇంకా పెద్దవి చేసి, చివరికి అది ఇటుకో మామిడికాయ జాడీనో మాకే గుర్తుపట్టరాని దాకా పెద్దవి చేసి చూసేవాళ్లం.

ఒక ఆదివారం ఎదురు డాబా మీద పిన్ని ఒకామె గళ్ల దుప్పటి ఆరేసింది. గళ్ల బట్ట దొరికితే మాకు పండగే, ఎందుకంటే సన్నటి గీతల దగ్గరే సెన్సార్ల బండారం బయటపడుతుంది. ఇద్దరం గురిపెట్టి టకటకా తీస్తుంటే ఆమె పైకి వచ్చింది.

"ఏందిరా, మా దుప్పటికి చిరుగున్నదని ఫోటోలు తీసి అందరికి చూపెడ్తున్రా?"

"చిరుగున్నదా పిన్నీ? ఎక్కడ?" అని మెగాపిక్సెల్ గబగబా తన స్క్రీన్ మీద వెతికి, "ఆఁ, ఉన్నది! చూసినవా రా, నా దాంట్ల దారం దారం కనవడ్తున్నది. నీ దాంట్ల కనవడ్తలేదు!" అని ఎగిరి గంతేశాడు. పిన్ని పెట్టిన లొల్లికి బాపు నిద్రలోంచి లేచి పైకి రావాల్సి వచ్చింది.

ఆ రెండు ఫోటోలనూ ప్రింట్లు తీయించి తీర్పు కోసం శాలిబండలో ఫ్లాష్ భాయ్ దగ్గరికి పట్టుకెళ్లాం. ఫ్లాష్ భాయ్ అంటే ఆ చుట్టుపక్కల మూడు తరాల పెళ్లిళ్లు తీసిన పెద్దమనిషి. ఆయన ఫ్లాష్ పడితే రెండు నిమిషాలు కళ్లు బైర్లు కమ్మేవి, అందుకే ఆ పేరు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, రెండు ప్రింట్లనూ చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"రెండు మంచిగనే ఉన్నయి మియా. గని దీంట్ల ఆద్మీ ఏడి?"

"మనిషి లేడు భాయ్. ఇది దుప్పటి."

"దుప్పటా?" అని ఇంకోసారి చూసి, రెండు చాయ్‌లు తెప్పించాడు. పాత తరం వాళ్లకు టెక్నాలజీ అర్థం కాదని దారి పొడుగునా నేను, మెగాపిక్సెల్ మొదటిసారి ఒక్క మాట మీద నిలబడి నవ్వుకున్నాం.

ఆ ఎండాకాలమే అక్క పెళ్లి కుదిరింది. అక్క నాకంటే మూడేళ్లు పెద్దది. చీరల గురించి గాని, నగల గురించి గాని పెద్దగా అడగలేదు. ఒక్కటే అడిగింది.

"తమ్మీ, నాకు వేరే ఏమొద్దురా. జీలకర్ర బెల్లం పెట్టి తెర దించేటప్పుడు ఒక్క ఫోటో మంచిగ తియ్యి. గంతే."

దీని వెనక ఒక కథ ఉంది. బాపూ అమ్మల పెళ్లి ఆల్బంలో సరిగ్గా ఆ ఫోటోనే లేదు. తెర పట్టుకున్న ఫోటో ఉంది, ఆ తర్వాత ఏకంగా భోజనాల ఫోటో. ఆ రోజు ఫోటోగ్రాఫర్‌కు రీలు అయిపోయిందట. అక్క చిన్నప్పటి నుంచీ ఆ ఆల్బం ముందేసుకుని, "జీలకర్ర బెల్లం లేదు, తాళి లేదు, సీదా పప్పన్నం. అసలు మీ పెండ్లి అయిందా బాపూ?" అని ఏడిపించేది. బాపు నవ్వేవాడు గాని, అమ్మ మాత్రం ఆ పేజీ దగ్గర కాసేపు ఆగేది. తనకు అట్లా కాకూడదని అక్క కోరిక. ఆ మాత్రం నాకు అర్థమైంది. అర్థం కానిది ఏమిటంటే, దానికి కావలసింది సెన్సార్ కాదని.

బాపు అప్పటికే ఫ్లాష్ భాయ్‌తో మాట్లాడి పెట్టుకున్నాడు. నేను ఒప్పుకోలేదు. బయటివాళ్లెందుకు నేనుండగా అన్నాను. వీడియో కూడా వద్దన్నాను, నా కెమెరాలోనే వీడియో ఉంటుందన్నాను. అంతటితో ఆగానా? శాలిబండ వెళ్లి ఆ పెద్దాయన మొహం మీదే, "మీ కెమెరా సెన్సార్ బాగా పాతది భాయ్, ఫంక్షన్ హాల్ వెలుతురుకు ఆగదు" అని చెప్పి వచ్చాను. ఆ ధైర్యం ఇప్పుడు రమ్మన్నా నాకు రాదు.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "సరే బేటా, నాకేం ఫికర్. నేను అన్నం తిననీకె వస్త" అన్నాడు.

పెళ్లి చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో, పొద్దున పదకొండు దాటాక ముహూర్తం. బయట ఎండ మండిపోతోంది గాని లోపల కిటికీలకు తెరలు వేసి, మండపానికి ఊదారంగు లైట్లూ పసుపు లైట్లూ బిగించారు. ఇంకొకరైతే ఇదేం వెలుతురని తిట్టుకునేవారు. నాకు మాత్రం కడుపు నిండిపోయింది. సెన్సార్ సంగతి తేల్చడానికి ఇంతకంటే చెడ్డ వెలుతురు ఊళ్లో దొరకదు. సాయానికని మెగాపిక్సెల్‌ను పిలిచాను. (సాయం అని అందరికీ చెప్పాను. ఆఖరి పోటీ అని మా ఇద్దరికీ తెలుసు.)

పంతులుగారు మంత్రాలు అందుకున్నారు. మేనమామలిద్దరూ అక్కకూ బావకూ మధ్య తెర పట్టుకున్నారు. నేను మండపం మెట్టు మీద, నా భుజం పక్కనే మెగాపిక్సెల్. అంతా సిద్ధం. అప్పుడు నా కళ్లు ఆ తెర మీద పడ్డాయి. తెల్లటి కొత్త నూలు బట్ట, సన్నటి నేత, దాని మీద ఊదా వెలుతురు. ఒరేయ్, దుప్పటి ఏపాటిది దీని ముందు! ముహూర్తానికి ఇంకా నాలుగైదు నిమిషాలున్నాయి కదా అని తెరను ఒక ఫోటో తీశాను. వాడూ తీశాడు. ఇంకొకటి, ఇంకొకటి. ఇద్దరం స్క్రీన్ల మీద పెద్దది చేసి చూసుకున్నాం.

"గీ రంగుల చారలు ఏందిరా? తెల్ల బట్ట మీద ఇంద్రధనస్సు వడ్డది నీ దాంట్ల" అన్నాడు వాడు.

నాకు ఒళ్లు మండింది. నిజమే, సన్నటి నేత మీద నా సెన్సార్ తడబడి లేని చారలు చూపిస్తోంది. "ముందు నీ దాంట్ల రవ్వ చూసుకోరా. బట్ట మీద ఇసుక వోసినట్టున్నది!"

"యాడున్నది ఇసుక? జరుపు, ఇంకింత జరుపు. గీ పోగు చూడు, గీ పోగు చూడు!"

వాడు పోగులు చూపిస్తున్నాడు. నేను లెక్కపెడుతున్నాను. ఇంతలో చుట్టూ ఒకటే మోత లేచింది, డోలు, సన్నాయి, ఎవరివో కేకలు. వాడేమంటున్నాడో వినబడక నాకు చిరాకేసింది. "ఈ లొల్లిల ఏం ఇనవడ్తలేదురా, జర గట్టిగ చెప్పు" అని వాడి చెవిలో అరిచాను. పెళ్లిళ్లు చూస్తూ పెరిగినవాణ్ణి, గట్టిమేళం మోగుతుంటే లొల్లి అన్నానంటే, ఇక నా గురించి వేరే చెప్పక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే నా స్క్రీన్ మీద పసుపు చుక్కలు కనబడ్డాయి. ఒకటి, రెండు, పది. ఇంత కలర్ నాయిస్ నా కెమెరాలోనా? పెద్దది చేసి చూశాను, చుక్కలు పెద్దవి కాలేదు. వేలితో తుడిచాను, చుక్క కదిలింది. ఇంకొకటి వచ్చి నా ముక్కు మీద పడింది. అక్షింతలు.

తల ఎత్తేసరికి తెర లేదు. మడతపడి పెద్దమామ భుజం మీద ఉంది. అక్క చెయ్యి బావ తల మీద, బావ చెయ్యి అక్క తల మీద, పైనుంచి అక్షింతల వాన. నేను పిచ్చెత్తినవాడిలా నొక్కాను. వచ్చినవన్నీ చేతులూ, వీపులూ. మెగాపిక్సెల్ గాడు నోరు తెరిచి నా వైపు చూస్తున్నాడు. నేను మెట్టెక్కి పంతులుగారి చెవి దగ్గర గొణిగాను.

"పంతులుగారూ, ఇంకొక్కసారి తెర పట్టుకుంటరా?"

ఆయన మంత్రం ఆపకుండానే నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత గుక్క తిప్పుకుని, "తెర పట్టుకుంటరు నాయనా. ముహూర్తాన్ని ఎవరు పట్టుకోవాలె?" అన్నారు.

ఆ రోజు నేను అన్నం తినలేదు. కెమెరా కార్డులో ఇంకా వేల ఫోటోలకు చోటుంది. అందులో తెర ఫోటోలు నలభై ఒకటి. ఒక్కదానిలోనూ అక్క లేదు.

అక్క అత్తారింటికి వెళ్లిన మర్నాడే ఫోన్ చేసింది. "తమ్మీ, ఆ ఫోటో పంపురా."

"ఎడిటింగ్ నడుస్తున్నదక్కా."

మూడో రోజు మళ్లీ. "ఏమైందిరా?"

"కలర్ సెట్ చేస్తున్న. ఊదా లైట్లు పెట్టిన్రు గద, మస్తు టైం పడ్తది."

అట్లా రెండు వారాలు గడిచాయి. రోజుకొక అబద్ధం చెప్పలేక నేను సగమయ్యాను. బంధువులందరి ఫోన్లూ అడిగి వెతికాను, అన్నిటిలోనూ ముందు వరసవాళ్ల తలకాయలే. మెగాపిక్సెల్ ఒక ఉపాయం చెప్పాడు, వేరే ఫోటోల్లోంచి మొహాలు కోసి అతికిద్దామని. అతికించి చూస్తే బావ తల అక్క తలకు రెండింతలుంది. చివరికి బాపు దగ్గర కూర్చుని నిజం చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన జాలిగా నా భుజం మీద చెయ్యి వేసి, "రీలు అయిపోయిందా బిడ్డా?" అన్నాడు. కాదు బాపూ, బుర్ర అయిపోయింది అనలేక తలూపాను.

మిగతా ఫోటోలకైనా ప్రింట్లు తీయిద్దామని శాలిబండ వెళ్లాను. మొహం చెల్లక కౌంటర్ దగ్గర అటు తిరిగి నిలబడ్డాను. ఫ్లాష్ భాయ్ ప్రింట్లన్నీ కవర్లో పెట్టి, సొరుగులోంచి ఇంకొక ఫోటో తీసి పైన పెట్టాడు.

"ఇది గూడ పెట్టుకో ఆల్బంల. అలవాటు పాడుగాను, అన్నానికి వోయినా మెడల కెమెరా ఉంటది నాకు."

ఆ పాత కెమెరాతో తీసిన ఫోటో. అంచులు మసకగా ఉన్నాయి, ఆయన ఫ్లాష్ తగిలి చిన్నమామ బట్టతల ధగధగలాడుతోంది. అయినా తెర సగం దిగి ఉంది. తల మీద చేతులున్నాయి. బావ అక్కనే చూస్తున్నాడు. అక్క మాత్రం బావను చూడటం లేదు. ఫోటోలో ఒక మూలన ఇద్దరు కుర్రాళ్లు తలకు తల ఆనించి కెమెరాల్లోకి వంగిపోయి ఉన్నారు. అక్క వాళ్లలో ఒకడి వైపు చూస్తోంది. ఫోటో కోసం నవ్వు పెట్టుకుని, వాడు తల ఎత్తుతాడని ఆగి చూస్తోంది.

నాకు ఏడుపొచ్చింది. "మీకు ఎట్ల ఇయ్యాలె భాయ్" అన్నాను. ఆయన చెయ్యి ఊపి, "పోయి మీ అక్కకియ్యి" అన్నాడు.

ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్లి, ఫోటో చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను.

"నాకు తెల్వదా? నేను చూసిన గద. నువ్వు కెమెరాల తలకాయ పెట్టుకోని ఉంటివి."

"మరి రోజూ ఎందుకడిగినవ్?"

"ఇంకేమేం సాకులు చెప్తవో ఇందామని" అని పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, ఫోటోను ఇంకోసారి చూసుకుని, "మీ బావ ఇప్పటికీ అంటడురా, తెర దించంగనే నా మొఖం చూడకుంట ఎటో చూసినవని" అంది. ఆ మాటకు మాత్రం నేను నవ్వలేకపోయాను.

మెగాపిక్సెల్, నేను ఆ తర్వాత ఎప్పుడూ కెమెరాలు పోల్చుకోలేదు. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, ఫోన్‌తోనే తీస్తాడు, సగం వాటిలో వాడి వేలే ఉంటుంది. ఆ ఫోటోకు అక్క ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టుకుంది. వచ్చినవాళ్లెవరైనా మూలనున్న వంగిన తలకాయను చూపించి ఎవరని అడుగుతారు.

"మా తమ్ముడు" అంటుంది అక్క. "ఫోటోగ్రాఫరు."

అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. వాళ్లు లోపలికి వెళ్లాక ఒక్కణ్ణే ఆ ఫ్రేము ముందు కాసేపు నిలబడతాను. అక్క ఆగి చూస్తూనే ఉంటుంది. ఒక్కసారి తల ఎత్తరా నాయనా, అని ఆ కుర్రవాడితో మెల్లగా అంటాను.