అన్న కోసం ఎక్కించిన కార్ల ఆట

అన్న బైకు మీద నుంచి పడింది కుందుర్పి దారిలో. ఆయన బోర్లు వేసే లారీకి డ్రైవరు. ఇరవై ఏళ్లు అంత పెద్ద బండిని చేల గట్ల మీద, గుండ్ల మధ్య తిప్పినవాడు, ఒక ఆదివారం పొద్దున పాలు తెస్తూ కంకర మీద జారాడు. తలకు దెబ్బ తగిలింది. బెంగళూరులో ఆపరేషన్ చేశారు. నెలన్నర తర్వాత మా ఊరు కంబదూరుకు తెచ్చుకున్నాం. మాట పోలేదు, జ్ఞాపకం పోలేదు. ఎడమ చేయి మాత్రం కాస్త నీరసంగా ఉండేది. చూడటానికి వచ్చినవాళ్లంతా గండం గడిచిందన్నారు. మేమూ అదే నమ్మాం.

కానీ ఇంట్లో ఏదో సరిగా లేదు. కంచంలో సంగటి సగం తిని లేచిపోయేవాడు. "నా చేతి కూడు నచ్చలేదేమో మ్మా," అని వదిన నా దగ్గర కళ్లు తుడుచుకునేది. గడ్డం ఒక పక్కే గీసుకునేవాడు. లోపలికి వస్తూ ఎడమ భుజం ద్వారబంధానికి కొట్టుకునేవాడు. నేను కళ్యాణదుర్గంలో ఒక బడిలో పిల్లలకు కంప్యూటర్లు నేర్పుతాను. నాలుగు పుస్తకాలు చదివినదాన్ని. నేను కూడా ఆయనకు దేని మీదా శ్రద్ధ లేదనుకున్నాను. "అద్దంలో చూసుకోవా అన్నా?" అని ఒకసారి కసిరాను.

ఒకరోజు ఆయనే అడిగాడు. "పాపా, మన కార్ల ఆట ఉండాదా ఇంకా?"

ఉంది. నేను డిగ్రీ చదివేటప్పుడు అన్న తన సంపాదనతో అనంతపురం నుంచి ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. దాంతోపాటే వచ్చిన డిస్క్ అది. బోరు పని ముగించుకుని, బట్టలకు అంటిన రాతిపొడితోనే కూర్చుని ఆడేవాడు. ఒక్కసారి కూడా నన్ను గెలవనివ్వలేదు. ఆ కంప్యూటర్ ఎప్పుడో పోయింది. డిస్క్‌ను మాత్రం నా సర్టిఫికెట్ల ఫైల్లో దాచుకున్నాను.

అడిగాడు కదా అని సంతోషపడ్డాను. ఆడించడం అంత సులువు కాదు. నా ల్యాప్‌టాప్ పాతది. కొత్త విండోస్ మోయలేక మొరాయిస్తుంటే దాన్ని తీసేసి, పాత మెషీన్లకు తేలిగ్గా ఉండే లినక్స్ వేసుకున్నాను. ఆ డిస్క్ విండోస్ కోసం చేసింది. పైగా ల్యాప్‌టాప్‌కు డిస్క్ పెట్టే చోటే లేదు. బడి ఆఫీసులో మూలనపడి ఉన్న డిస్క్ డ్రైవ్‌ను అడిగి తెచ్చాను. విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, దాన్ని ఎక్కించాను.

"వైనా? దాని పేరు గట్టిగా చెప్పొద్దు మ్మా, పక్కింటోళ్లు వింటారు," అంది వదిన. యాక్సిడెంట్ తర్వాత ఆమె నవ్వడం అప్పుడే చూశాను.

మూడు సాయంత్రాలు బడి నుంచి వచ్చి దాంతోనే కుస్తీ పట్టాను. మొదటిరోజు సగం ఎక్కి ఆగిపోయింది. రెండోరోజు పూర్తిగా ఎక్కింది కానీ, తెరిస్తే 'డిస్క్ పెట్టండి' అంటుంది. డిస్క్ లోపలే గిర్రున తిరుగుతోంది.

"లోపలే ఉండాది కదప్పా! దానికి కండ్లు లేవా?" అని అన్న విసుక్కున్నాడు.

మూడోరోజు తప్పు దొరికింది. వైన్ సెట్టింగుల్లో ఆ డ్రైవ్ మామూలు హార్డ్ డిస్క్‌గా నమోదై ఉంది. దాన్ని సీడీ డ్రైవ్‌గా మార్చగానే ఆట తెరుచుకుంది. పాత సంగీతం వినగానే వదిన చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. అన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

కుడి మలుపు చక్కగా తిప్పాడు. తర్వాత ఎడమ మలుపు వచ్చింది. కారు నేరుగా పోయి గోడకు గుద్దుకుంది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే గుద్దాడు. మూడోసారి కీబోర్డును నెట్టేశాడు. "ఇది చెడిపోయిండాది పాపా. మలుపే చూపిస్తాలేదు."

నేను నమ్మాను. బొమ్మ ఒక పక్క తెగిపోతోందేమోనని స్క్రీన్ కొలతలు మార్చాను, మళ్లీ మార్చాను. నేనే ఆడి చూశాను. మలుపు స్పష్టంగా ఉంది. అప్పుడు అడిగాను, "అన్నా, స్క్రీన్ మీద ఏమేముండాయో చెప్పు."

"స్పీడు మీటరు. కారు. ఈ పక్కన జనాలు," అని కుడి అంచు చూపించాడు.

ఎడమవైపు పైన పెద్ద మ్యాపు ఉంది. దాని మాట ఎత్తలేదు. ఎడమ అంచున ఉన్నదేదీ చెప్పలేదు. రోజూ సగం మిగిలే కంచం గుర్తొచ్చింది.

ఆ పూట ఆయన సగం తిని లేవబోతుంటే కంచాన్ని కొంచెం తిప్పాను. "ఇంకా ఉండాదే," అని మిగిలిన సంగటి తినేశాడు. వదిన గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది.

రాబోయే సోమవారం బైకు మీద లారీ షెడ్డుకు పోతానని ఆయన అప్పటికే ఓనరుకు ఫోన్ చేసి ఉన్నాడు. వదిన బైకు తాళం దాచింది. ఆదివారం ఆయన ఇల్లంతా వెతికి అరిచాడు. "నేనేమన్నా పసిబిడ్డనా? నా బండి నాకియ్యరా?"

ఎడమపక్క ఉన్నదేదీ ఆయనకు కనబడటం లేదని ఇక దాచలేక చెప్పేశాను. నమ్మలేదు. ఆట తెరిచి, ఎడమ మలుపు దగ్గర ఆపి, ల్యాప్‌టాప్‌ను మెల్లగా ఆయన కుడివైపుకు జరిపాను. మలుపు కనిపించగానే దాని మీద వేలు పెట్టాడు. "ఇన్ని దినాలూ సగం రోడ్డే చూస్తాంటినా?"

"ఊ."

"మరి లారీ?"

ముందు డాక్టరుకు చూపిద్దామన్నాను.

అనంతపురంలో డాక్టరు పరీక్షించి, అన్న కళ్లు బాగానే ఉన్నాయన్నాడు. దెబ్బ వల్ల మెదడు ఎడమవైపును పట్టించుకోవడం మానేసిందట. అలవాటు చేస్తే కొంత తిరిగి రావచ్చు, ఎంతో చెప్పలేం, బండి మాత్రం ముట్టుకోకూడదు అన్నాడు. "ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని నా వైపు చూశాడు. గడ్డం విషయంలో కసిరిన రోజు గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఆట సంగతి చెబితే, ఆస్పత్రిలోవాళ్లు స్క్రీన్ ఎడమ అంచున ఎర్ర టేపు అతికించమన్నారు. ఆ ఎరుపు కనిపించేదాకా తల తిప్పి, తర్వాతే ఆట మొదలుపెట్టాలి. అన్న నెలరోజులు ల్యాప్‌టాప్ వైపే రాలేదు. తర్వాత ఒకరోజు ఏమీ అనకుండా వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు రోజూ కాసేపు ఆడతాడు. పది ఎడమ మలుపుల్లో ఆరో ఏడో తిప్పుతాడు. షెడ్డులో కూర్చుని చేసే కంప్రెసరు రిపేర్లు చూస్తున్నాడు. లారీ ఎక్కలేదు.

డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న, బండి ఎప్పుడు నడపొచ్చని. ఇప్పుడే కాదంటారు. తిరుగు బస్సులో ఆయన నిద్రపోడు. తల ఎడమకు తిప్పి, కనిపించినవన్నీ నాకు చెబుతాడు. పెట్రోలు బంకు, గొర్రెల మంద, ఎండిన శనక్కాయ చేను. నేను ఒక్కోదానికీ అవునంటాను. మొన్న ఎడమపక్క గుట్ట మీద వరసగా గాలిమరలు తిరుగుతున్నాయి. ఆయన చెప్పలేదు. నేను కిటికీలోంచి చూస్తూ ఊరుకున్నాను.