మూగపుండు

మా మేనత్త చెప్పులో గులకరాయి వేసింది నేనే. గుమ్మం దాటేలోపే గెంతులేసి, నా ఏడు తరాలనీ ఏకి పెడుతుందని గోడ పక్కన నక్కి చూశాను. ఆ ఏడు తరాలూ ఆవిడవి కూడా, అది వేరే సంగతి. ఆవిడ మాత్రం మామూలుగా నడిచి, బస్సెక్కి ఆస్పత్రికి వెళ్లిపోయింది.

అక్కడ ఆవిడ పని పుండ్లకి కట్లు కట్టడం. పెళ్లికి ముందు నుంచీ అదే గది, అదే ఫినాయిల్ వాసన. పుండ్లకి పేర్లు కూడా పెట్టింది. చీలమండ మీద ఎప్పుడూ నీరు కారేది ఏడుపుగొట్టు పుండు. దానికి వేళ్ల దగ్గర్నుంచి మోకాలి దాకా బిగుతుగా కట్టు చుట్టి, కాలు ఎత్తి పెట్టుకోమంటుంది. మంచం పట్టినవాళ్ల నడుం కింద పడేది బద్ధకపు పుండు. బద్ధకం రోగిది కాదు, పక్కకి తిప్పని ఇంటివాళ్లది. షుగరుతో స్పర్శ పోయిన అరికాల్లో పడేది మూగపుండు. నొప్పి ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. చుట్టూ గట్టిపడిన చర్మం చెక్కి, కడిగి, కట్టు కట్టి, మానేదాకా కాలు నేల మీద మోపొద్దంటుంది. చెప్పులు వేసుకునేముందు తిరగేసి దులుపుకోమని మరీ మరీ చెప్పి పంపిస్తుంది.

ఆ సాయంత్రం గుమ్మం నుంచి పొయ్యి దాకా గచ్చు మీద ఎర్రటి మరకలు. మావయ్య పేపరు దించి చూసి, ముందు అవి తుడిచి వంట మొదలుపెట్టమన్నాడు. అత్త వెనక్కి తిరిగి మరకలు చూసి, అప్పుడు కాలెత్తి చూసుకుంది. బొటనవేలి మొదట్లో నా రాయి దిగబడి ఉంది. షుగరుందని ఆవిడకి తెలుసు. కాలికి స్పర్శ పోయిందని ఆ పూటే తెలిసింది.

కాలు కింద పెట్టొద్దని డాక్టరు అత్త పాఠమే అత్తకి అప్పజెప్పాడు. సెలవు పెడితే ఆ గదిలోకి ఇంకొకరొస్తారని పెద్ద నర్సు చెప్పేసింది. నొప్పి లేదంటున్నావుగా, వండితే వచ్చిన నష్టమేమిటని మావయ్య అడిగాడు. నేను వండబోయి అన్నం మాడ్చి తిట్లు తిన్నాను. అత్త రోజూ పొద్దున్నే తన కట్టు తనే కట్టుకుని, రోజంతా ఆ కాలి మీదే నిలబడి, ఊరందరి పుండ్లూ మాన్పింది. తనది ఎముక దాకా పోయింది. బొటనవేలు తీసేశారు.

ఇప్పుడు తన గదిలోనే రోగుల బల్ల మీద పడుకుంది. కొత్తగా వచ్చినమ్మాయి కట్టు కడుతుంటే, "అంతలా లాగకు తల్లీ, అది పార్సిలు కాదు" అంటోంది. ఆ అమ్మాయి బయటికి వెళ్లాక రాయి సంగతి చెప్పేశాను. ముందే తెలుసట. ఇంట్లో ఇంకెవరికీ అంత తీరిక లేదట. తిట్టలేదు. అది భరించలేక నేనే ఎదురు దబాయించాను.

"అందరికీ దులుపుకోమని చెప్తావు కదత్తా, మరి నువ్వెందుకు దులుపుకోలేదు?"

"నాకెవరు చెప్పార్రా? నువ్వు రాయి వెయ్యడానికైనా వంగావు. ఇంతకాలంలో ఆ ఇంట్లో నా చెప్పుల వంక చూసినవాడు ఇంకెవడున్నాడు?"